మూతబడ్డ ఆసుపత్రి, ఆగిపోయిన గని: కొత్త శిథిలాల ఫోటోలను ఎలా చదవాలి?

శిథిలాలు అనగానే మనకు హంపి, గోల్కొండ, గండికోట గుర్తుకొస్తాయి. అవి కొన్ని వందల ఏళ్ల నాటివి. వాటి గురించి పుస్తకాలున్నాయి, వాటిని చూసుకోవడానికి ప్రభుత్వ శాఖలున్నాయి, వాటి ముందు వివరాలు రాసిన బోర్డులున్నాయి. కానీ మన తరం బతికుండగానే శిథిలాలైన కట్టడాలు కూడా దేశంలో చాలా ఉన్నాయి. సైరన్ ఆగిపోయిన మిల్లు, చక్రం తిరగని గని, రోగులు రాని ఆసుపత్రి, సగం ఇళ్లకు తాళాలు పడిన కార్మికుల కాలనీ. వీటి ముందు ఏ బోర్డూ ఉండదు.

గత ముప్ఫై ఏళ్లుగా ఇలాంటి చోట్లకు కెమెరాలతో వెళ్లేవాళ్లు ప్రపంచమంతటా పెరిగారు. ఊడిపోతున్న పెచ్చులు, తుప్పు పట్టిన మంచాలు, గోడలోంచి మొలిచిన రావిచెట్టు... ఇటువంటి ఫోటోలు మీరూ చూసే ఉంటారు. చూడగానే ఆకట్టుకుంటాయి. అయితే చరిత్ర విద్యార్థి అక్కడ ఆగకూడదు. ఆ ఫోటో ఏం చెబుతోంది? ఏం దాస్తోంది? దాన్ని చారిత్రక ఆధారంగా వాడుకోవచ్చా? కోలార్ బంగారు గనుల పట్టణాన్ని ఉదాహరణగా తీసుకుని ఈ వ్యాసంలో ఈ ప్రశ్నలను పరిశీలిద్దాం.

ఈ అలవాటు ఎలా మొదలైంది?

మూతపడుతున్న పరిశ్రమలను పద్ధతి ప్రకారం ఫోటోలు తీసినవారిలో ముందుగా చెప్పుకోవలసింది జర్మనీకి చెందిన బెర్న్ట్ బెషర్, హిల్లా బెషర్ దంపతులను. 1959 నుంచి వాళ్లిద్దరూ కలిసి నీళ్ల ట్యాంకులు, బొగ్గు గనుల పైనుండే ఇనుప చట్రాలు, బ్లాస్ట్ ఫర్నేసులను ఫోటోలు తీశారు. ప్రతి కట్టడాన్నీ ఎదురుగా నిలబడి, మబ్బు పట్టిన వెలుతురులో, ఒకే తీరుగా తీసేవారు. వాటిలో నాటకీయత కనిపించదు. పోల్చి చూడటానికి వీలుగా ఉండటమే వాటి విలువ. తరువాతి కాలంలో వాటిలో చాలా కట్టడాలను కూల్చేశారు. ఇప్పుడు మిగిలినవి ఆ ఫోటోలే.

రెండో పాయ ఇందుకు భిన్నమైనది. 1996లో కెనడాలోని టొరంటో నగరంలో జెఫ్ చాప్‌మన్ అనే యువకుడు ఒక చిన్న పత్రిక ప్రారంభించాడు. సాధారణంగా ఎవరూ వెళ్లని సొరంగాలు, మూతబడ్డ భవనాల్లోకి వెళ్లి చూడటమే దాని విషయం. ఈ వ్యాపకానికి అర్బన్ ఎక్స్‌ప్లోరేషన్ అనే పేరు స్థిరపడింది. డిజిటల్ కెమెరాలు చౌకగా దొరికేసరికి అది దేశదేశాలకూ పాకింది.

2009లో క్రిస్టఫర్ పేన్ అనే ఫోటోగ్రాఫర్ అమెరికాలో మూతపడిన ప్రభుత్వ మానసిక వైద్యశాలల ఫోటోలతో ఒక పుస్తకం తెచ్చాడు. ప్రఖ్యాత వైద్య రచయిత ఆలివర్ శాక్స్ దానికి ముందుమాట రాశాడు. 2010లో ఇద్దరు ఫ్రెంచి ఫోటోగ్రాఫర్లు డెట్రాయిట్ నగర శిథిలాల మీద పుస్తకం ప్రచురించారు. 1950లో సుమారు పద్దెనిమిదిన్నర లక్షల జనాభా ఉన్న ఆ కార్ల నగరంలో 2010 నాటికి మిగిలినవాళ్లు ఏడు లక్షల పైచిలుకు మాత్రమే. ఆ ఫోటోలకు ఎంత పేరు వచ్చిందో అంత విమర్శ కూడా వచ్చింది. “ఏడు లక్షల మంది బతుకుతున్న ఊరిని ఖాళీ ఊరిలా చూపిస్తారా? మా కష్టం మీకు వినోదమా?” అని అక్కడివాళ్లు అడిగారు. 1988లో మూతపడి ఆ నగర పతనానికి గుర్తుగా వేల ఫోటోల్లోకి ఎక్కిన పాత రైల్వే స్టేషన్ బాగుపడి, 2024లో మళ్లీ తలుపులు తెరిచింది. అది శిథిలమేనని తేల్చేసిన ఫోటోలన్నీ తొందరపడ్డాయని అప్పుడు తేలింది.

ఈ రెండు పాయలనూ గుర్తుంచుకోండి. ఒకటి కట్టడాన్ని నమోదు చేస్తుంది. రెండోది కట్టడం కలిగించే అనుభూతిని పట్టుకుంటుంది. రెండింటిలోనూ సాధారణంగా లోపించేది మనిషి.

కోలార్ కథ

ఇక మన దేశానికి వద్దాం. కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్ పేరు మీకు తెలియకుండా ఉండదు. 2018లోనూ 2022లోనూ వచ్చిన రెండు సినిమాల వల్ల ‘కె.జి.ఎఫ్.’ అనే మూడక్షరాలు తెలుగు నాట పల్లెపల్లెకూ చేరాయి. సినిమాలో చూపినది కల్పిత కథ. అసలు చరిత్ర వేరు.

1799లో టిప్పు సుల్తాన్ మరణించాక మైసూరు రాజ్యపు సరిహద్దులను కొలవడానికి ఈస్టిండియా కంపెనీ సర్వే మొదలుపెట్టింది. ఆ సర్వేకు నాయకుడు కాలిన్ మెకంజీ. తెలుగువారికి కైఫీయత్తుల ద్వారా బాగా పరిచయమైన మెకంజీయే ఈయన. ఆయన కింద పనిచేసిన జాన్ వారెన్ అనే లెఫ్టినెంటు 1802లో ఈ ప్రాంతంలో సరిహద్దు పని చేస్తూ, ఇక్కడి మట్టిలో బంగారం దొరుకుతుందన్న మాట విన్నాడు. ఊరివాళ్లు మట్టిని కడిగి, అడుగున మిగిలిన పసిడి రేణువులను అతనికి చూపించారు. అంటే ఈ బంగారాన్ని ‘కనుగొన్నది’ వారెన్ కాదు. స్థానికులకు తెలిసిన సంగతిని అతను కాగితం మీద పెట్టాడు.

1870లలో మైకేల్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకాల హక్కు సంపాదించాడు. కానీ అతని దగ్గర పెట్టుబడి లేదు. హక్కు చేతులు మారి, 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండన్ సంస్థ రంగంలోకి దిగడంతో అసలు గనుల యుగం మొదలైంది. మైసూరు మైన్, చాంపియన్ రీఫ్, ఊరిగాం, నందిదుర్గ్ అనేవి ప్రధానమైన గనులు. 1894లో మారికుప్పం దాకా రైలు వచ్చింది. 1902లో కావేరి నది మీది శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగల మీదుగా కరెంటు వచ్చింది. బెంగళూరు వీధి దీపాల కంటే ముందు కోలార్ గనుల్లో దీపాలు వెలిగాయి. దేశంలో జలవిద్యుత్తుకు తొలి పెద్ద వినియోగదారు ఈ గనులే.

ఈ వైభవానికి మరో వైపు ఉంది. అధికారులకు బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం. కార్మికులకు ‘లైన్లు’ అని పిలిచే వరుస గుడిసెలు. కార్మికుల్లో అత్యధికులు పాత ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి, సేలం వైపు నుంచి వచ్చిన తమిళ దళితులు. తెలుగువారూ ఉన్నారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ ఉత్తర ఆర్కాటుకు కేంద్రం చిత్తూరేనన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. సొంత ఊళ్లో అంటరానివాడిగా, అప్పుల పాలైన కూలీగా బతికిన మనిషికి ఇక్కడ నెల జీతం దొరికింది. అందుకు బదులుగా ప్రాణం పణంగా పెట్టవలసి వచ్చింది.

చాంపియన్ రీఫ్ గని క్రమంగా మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు వెళ్లింది. అంత లోతున రాతి ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటుతుంది. చల్లని గాలిని యంత్రాలతో లోపలికి పంపితే తప్ప మనిషి నిలబడలేడు. పైనున్న రాతి బరువుకు అడుగున రాయి ఒక్కసారిగా పేలిపోయేది. అలాంటి పేలుళ్లు చాలామంది ప్రాణాలు తీశాయి. అంత లోతు సైన్సుకు కూడా పనికొచ్చింది. 1965లో ఇక్కడ భూగర్భంలో టాటా పరిశోధనా సంస్థ, జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండులోని డర్హం శాస్త్రవేత్తలు కలిసి వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. అటువంటి తొలి ఫలితాల్లో అది ఒకటి.

ఆసుపత్రి చెప్పే చరిత్ర

గనులతో పాటే 1880లలో ఇక్కడ ఆసుపత్రి కూడా మొదలైంది. చాంపియన్ రీఫ్ ప్రాంతంలోని ఆ ఆసుపత్రి కార్మికులకూ వాళ్ల కుటుంబాలకూ వైద్యం చేసేది. ఎముకలు విరిగినవాళ్లు, పేలుడులో గాయపడినవాళ్లు, కాన్పుకు వచ్చినవాళ్లు, జ్వరంతో వచ్చిన పసిపిల్లలు అందరికీ అదే దిక్కు. ఒక పట్టణంలో కొన్ని తరాల వాళ్లు పుట్టిందీ పోయిందీ ఒకే ఆవరణలో అంటే అది ఎంత ముఖ్యమైన కట్టడమో ఊహించండి.

గని ఆసుపత్రిలో మరో రకం ఫోటోలు తీసేవారు. అవి ఛాతీ ఎక్స్‌రేలు. బంగారం ఉండే క్వార్ట్జ్ రాయిని తొలిచినప్పుడు రేగే సన్నని ధూళి ఊపిరితిత్తుల్లో చేరి, అక్కడే గట్టిపడుతుంది. ఈ వ్యాధిని సిలికోసిస్ అంటారు. దీనికి పూర్తి చికిత్స లేదు. పైగా క్షయ త్వరగా అంటుకుంటుంది. మన దేశంలో సిలికోసిస్‌ను మొదట నివేదించింది కోలార్ గనుల నుంచేనని, అది 1947లోనని వైద్య విద్యార్థులు నేటికీ పాఠ్యపుస్తకాల్లో చదువుతారు. అంటే ఈ దేశం ఆ జబ్బును గుర్తించినది ఈ కార్మికుల ఎక్స్‌రేల ద్వారానే.

ఈ వ్యాధికి ఇంకో గుణం ఉంది. ధూళి పీల్చిన చాలా ఏళ్లకు కూడా అది బయటపడవచ్చు. కార్మికుడు రిటైరై, గని మూతపడ్డాక కూడా దగ్గు మొదలుకావచ్చు. చట్టం దీన్ని నష్టపరిహారానికి అర్హమైన వృత్తి వ్యాధిగా గుర్తించింది. కానీ పరిహారం రావాలంటే రుజువు కావాలి. ఏ గనిలో, ఏ పనిలో, ఎన్నేళ్లు ఉన్నాడో చెప్పే సర్వీసు రికార్డు కావాలి. పాత ఎక్స్‌రే దొరికితే మరింత బలం. ఇప్పుడు ఆలోచించండి. మూతబడ్డ ఏ గని ఆసుపత్రిలోనైనా నేల మీద చెల్లాచెదురుగా పడిన కాగితాలు ఫోటోగ్రాఫర్‌కు ఒక మంచి దృశ్యం. ఒక వృద్ధ కార్మికుడికి, అతని భార్యకు అవే చివరి సాక్ష్యం. వాటిని కాలితో తొక్కడం, అందంగా కనబడాలని సర్దడం, జ్ఞాపికగా జేబులో వేసుకోవడం ఎంత తప్పో వేరే చెప్పనక్కర్లేదు.

గనులు ఎందుకు మూతపడ్డాయి?

1956లో మైసూరు ప్రభుత్వం గనులను జాతీయం చేసింది. 1962లో అవి కేంద్రానికి చేరాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ ఏర్పడింది. అప్పటికే మేలైన ఖనిజం చాలావరకు అయిపోయింది. తొలినాళ్లలో టన్ను రాతికి పదుల గ్రాముల బంగారం వస్తే, చివరి రోజుల్లో మూడు నాలుగు గ్రాములకు పడిపోయింది. లోతు పెరిగేకొద్దీ గాలి పంపడానికి, నీళ్లు తోడటానికి, మనుషులను దించడానికి ఖర్చు పెరిగింది. 1992లో సంస్థను ఖాయిలా పరిశ్రమగా గుర్తించారు. చివరకు 2001 ఫిబ్రవరి 28తో గనులు మూతపడ్డాయి. 120 ఏళ్లలో ఇక్కడి నుంచి వచ్చిన బంగారం సుమారు 800 టన్నులు.

అదే సంస్థ కింద తెలుగు నేల మీద నడిచిన చిత్తూరు జిల్లా చిగురుగుంట, బిసానత్తం గనులు, అనంతపురం జిల్లా రామగిరి గని కూడా అప్పుడే ఆగిపోయాయి. కోలార్ కథ సరిహద్దుకు అవతలి కథ మాత్రమే కాదు, కొంత మనదే.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 2001 ఆరంభంలో ప్రపంచ మార్కెట్టులో ఔన్సు బంగారం ధర మూడు వందల డాలర్లకు లోపే ఉంది. 2008లో అది వెయ్యి డాలర్లను తాకింది. గనులను ఇంకొంత కాలం నడిపి ఉంటే లాభాల్లోకి వచ్చేవా? ఖచ్చితంగా అలా అనలేం, ఎందుకంటే ఖనిజం పలచబడటం, లోతు పెరగడం వాస్తవాలే. కానీ మూసివేత ప్రకృతి విధించిన శిక్ష కాదు. అది ఒక సమయంలో, కొన్ని లెక్కల ఆధారంగా మనుషులు తీసుకున్న నిర్ణయం. తుప్పు పట్టిన గని చక్రం ఫోటోను చూస్తే ‘కాలం తీరింది’ అనిపిస్తుంది. చరిత్ర అడిగే ప్రశ్న వేరు: ఎవరు నిర్ణయించారు, ఎవరు నష్టపోయారు?

ఫోటో చెప్పని మూడు సంగతులు

మొదటిది, జనం. కె.జి.ఎఫ్.ను ‘దెయ్యాల ఊరు’ అని రాసేవాళ్లున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ పట్టణంలో లక్షా అరవై వేల మందికి పైగా ఉన్నారు. గనులు పోయాక వేలమంది తెల్లవారుజామునే రైలెక్కి బెంగళూరుకు పనికి పోయి, రాత్రికి తిరిగొచ్చే బతుకులకు అలవాటుపడ్డారు. మధ్యాహ్నం పూట ఖాళీ వీధిని ఫోటో తీసి ఊరు చచ్చిపోయిందంటే ఎలా? ఆ వీధి మనుషులు అప్పుడు బెంగళూరులో పనిలో ఉంటారు.

రెండోది, విషం. సినిమాల్లో గుట్టల్లా కనిపించేవి నిజానికి కొండలు కావు. బంగారం తీయడానికి సైనైడ్ వాడిన తరువాత పారబోసిన రాతి పొడి దిబ్బలు. అటువంటివి పదమూడు ఉన్నాయి, వాటిలోని పొడి సుమారు 3.3 కోట్ల టన్నులు. గాలి వీచినప్పుడు ఆ దుమ్ము ఇళ్ల మీద పడుతుంది. ఫోటోలో అది బంగారు రంగు మేఘంలా ఉంటుంది. ఆ పొడిలో మిగిలిన కొద్దిపాటి బంగారాన్ని తీయాలన్న ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం అనుమతి ఇచ్చింది. అంటే ఆ దిబ్బ చుట్టూ ఇంకా డబ్బు, దుమ్ము, హక్కుల సమస్య నడుస్తూనే ఉంది.

మూడోది, తిరిగి వాడుకొనే అవకాశం. ఇది మన ఆసుపత్రి కథే. గనుల మూసివేతతో మూలపడి, దాదాపు ఇరవై ఏళ్లు ఖాళీగా ఉన్న ఆ ఆసుపత్రిని 2021లో కోవిడ్ రెండో దశ ముంచుకొచ్చినప్పుడు మళ్లీ తెరిచారు. స్వచ్ఛంద సేవకులు చేతులు కలిపి, దుమ్ము దులిపి, వార్డులు కడిగి, మంచాలు వేశారు. ‘పాడుబడ్డ’ అని ఫోటోల కింద రాసిన గోడల మధ్య రోగులు మళ్లీ ఊపిరి పీల్చుకున్నారు. కట్టడం చావలేదు, దాన్ని వాడటం మానేశాం, అంతే.

ప్రతి ఫోటోకు ఒక కైఫీయత్తు

అయితే ఫోటోలు తీయవద్దా? తప్పక తీయాలి. 1934లో నెలకొల్పిన వరంగల్లు ఆజంజాహీ మిల్లు 2002లో మూతపడ్డాక ఆ ఆవరణలో ఎక్కువ భాగం ఇళ్ల స్థలాలుగా మారిపోయింది. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీళ్లు చేరాక రోగులను అక్కణ్ణించి తరలించి, భవనాన్ని మూసేశారు. కట్టడాలు ఇలా మన కళ్లెదుటే మారిపోతుంటే, నమోదు చేసుకోకపోవడమే పెద్ద నష్టం. ఎలా నమోదు చేయాలన్నదే ప్రశ్న.

దానికి దారి మన చరిత్రలోనే ఉంది. వారెన్ పనిచేసిన ఆ మైసూరు సర్వేలోనే కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు మెకంజీకి సహాయకులుగా ఉన్నారు. వాళ్లు ఊరూరా తిరిగి శాసనాలకు నకళ్లు రాసుకోవడంతో ఆగలేదు. కరణాలనూ పెద్దలనూ కలిసి ఆ ఊరి వృత్తాంతం సేకరించారు. గుడిని కొలిస్తే సరిపోదు, ఆ గుడి గురించి ఊరు ఏమనుకుంటోందో కూడా రాసుకోవాలన్నది వాళ్ల పద్ధతి. అందుకే కూలిపోయిన ఎన్నో కట్టడాల సంగతులు కైఫీయత్తుల్లో మనకు దొరుకుతున్నాయి. మెకంజీ వెళ్లిన చోట్లకు కావలి సోదరులు కూడా వెళ్లకపోతే మనకు మిగిలేవి పటాలూ కొలతలే. నేటి ఫోటోగ్రాఫర్ కూడా ఒంటరిగా వెళితే తెచ్చేది గోడల బొమ్మలే.

కాబట్టి మీలో ఎవరైనా మీ ఊళ్లోని మూతబడ్డ మిల్లునో ఆసుపత్రినో నమోదు చేయాలనుకుంటే ఈ నాలుగు సూత్రాలు పాటించండి.

ఒకటి, అనుమతి తీసుకోండి. మూతబడినా ఆ స్థలానికి యజమాని ఉంటాడు. పాత గని బావుల అంచులు ఏ క్షణమైనా విరిగిపడవచ్చు, పైకప్పులు కూలవచ్చు, రసాయనాలు మిగిలి ఉండవచ్చు. సాహసం కోసం ఒంటరిగా లోపలికి పోవద్దు.

రెండు, తేదీ, స్థలం, దిక్కు రాయండి. ‘పాత ఆసుపత్రి’ అంటే రేపు ఎవరికీ అర్థం కాదు. ‘ఆడవాళ్ల వార్డు, తూర్పు కిటికీ, ఫలానా తేదీ’ అని రాస్తే అది ఆధారమవుతుంది.

మూడు, అక్కడ పనిచేసిన మనిషిని వెతికి పట్టుకోండి. నర్సు, వార్డు బాయ్, లిఫ్టు నడిపినవాడు, క్యాంటీన్లో వండినామె, ఎవరైనా సరే. తీసిన ఫోటోను వాళ్ల చేతిలో పెట్టి, “ఇదేంటమ్మా? ఇక్కడ ఏం జరిగేది?” అని అడగండి. మీకు ఖాళీ గదిగా కనిపించినది ఆమెకు తన బిడ్డ పుట్టిన చోటు కావచ్చు. ఆ మాటలను ఆమె చెప్పినట్టే రాసుకోండి.

నాలుగు, రికార్డులను ముట్టుకోవద్దు. రోగుల పేర్లున్న కాగితాలను ఫోటో తీసి ప్రచురించవద్దు. అవి కనబడితే సంస్థకు, జిల్లా అధికారులకు, కార్మిక సంఘానికి తెలియజేయండి. 1995లో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో విల్లార్డ్ మానసిక వైద్యశాల మూతపడినప్పుడు, అటక మీద రోగుల పాత పెట్టెలు సుమారు నాలుగు వందలు దొరికాయి. వాటిని కనుగొన్న సిబ్బంది పారేయలేదు, పంచుకోలేదు. రాష్ట్ర మ్యూజియానికి అప్పగించారు. అందువల్లనే పేరు కూడా మిగలని ఎందరో రోగుల జీవితాలు తరువాత తెలిశాయి.

ముగింపు

కోటల శిథిలాలను మనం గౌరవంతో చూస్తాం, ఎందుకంటే వాటి వెనుక రాజుల పేర్లు మనకు తెలుసు. గనులు, మిల్లులు, వాటి ఆసుపత్రుల వెనుక ఉన్నది కూలీలు. వాళ్ల పేర్లు శాసనాలకెక్కలేదు. హాజరు పట్టీలో, ఎక్స్‌రే కవరు మీద, తోటివాళ్ల జ్ఞాపకంలో మాత్రమే ఉన్నాయి. కాగితం చెదలు పట్టిపోతుంది. జ్ఞాపకం మనిషితో పాటే పోతుంది. 2001లో కోలార్ గనిలోకి చివరిసారి దిగిన కార్మికుల్లో అప్పటికి నలభై ఏళ్లున్నవాళ్లకు ఇప్పుడు అరవై దాటింది. వాళ్లను అడగడానికి మనకున్న వ్యవధి గోడలకున్న వ్యవధి కంటే తక్కువ. అందుచేత మీ ఊరి మూతబడ్డ గేటు దగ్గరకు కెమెరాతో బయలుదేరే ముందు, ఆ గేటుకు ఎదురుగా టీ కొట్టు దగ్గర కూర్చున్న పెద్దాయనతో కాసేపు మాట్లాడండి. ముందుగా నమోదు చేయవలసినది ఆయన మాట.